మూడు వందల్లో నలభై ఒకటి

ఇషా నమాజు అయినాక డ్రైవరు నన్ను
సాల్మియాలో ఆ అద్దాల అంగడి ముందర దించినాడు.
తలుపు తీసేది పొద్దున పదికి.
మామా ఫోన్లో బొమ్మ పంపినాది:
పావురం మెడ రంగు, అంచున బంగారు చుక్కలు,
తలకు చుట్టుకునే గుడ్డ.
లోకం మొత్తానికి మూడు వందలే నేసినారంట.
ఒక్కోదానికి ఒక్కో నంబరంట,
మనిషికి ఒకటి మించి ఇయ్యరంట.
ధర, నా నెల జీతానికి
పదిహేను దినార్లు తక్కువ.

వరసలో చానా మంది ఉన్నారు.
ఆ గుడ్డ చుట్టుకునేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.
నా ముందర మరిటెస్, మెడలో సిలువ.
నా ఎనక సిలోను కుసుమ,
ఆమె ఎనక హబేషీ పిల్ల టిగిస్ట్.
రాజోలు సత్యవేణి చాప కూడా తెచ్చుకున్నాది.

నేను దూదేకులోళ్ళ బిడ్డను.
మా నాయన వింటికి నారి బిగించి ఏకుతా ఉంటే
ఇంట్లో మబ్బు దిగేది.
మా అమ్మ కనురెప్పల మీద దూది,
సంగటి ముద్ద మీద దూది.
దానికెవరూ నంబరు వెయ్యలేదు.
పరుపులో కూరినాక
ఎవరి ఈపు కింద ఏ దూదో ఎవరికి తెలుసు!

ఇప్పుడు నా నెత్తి మీద ఉండేది
జమ్మలమడుగు సంతలో అరవై రూపాయల చున్నీ.
అదే పావురం మెడ రంగు.
ఆ పొద్దు అంగడాయన మూటలు మూటలు విప్పి
"తీస్కోమ్మా, ఇంకా ఉండాయి" అన్నాడు.

నడిరేయి దాటినాక తెల్ల కారులో ఒకాయన వచ్చి
చోటు అమ్ముతారా అని అడిగినాడు. ఇరవై దినార్లు.
సత్యవేణి అమ్మేసి, చాప చుట్టుకొని
తోకలోకి పోయి మళ్ళీ నిలబడింది.
పొద్దున ఆమె దాకా వచ్చేసరికి గుడ్డలు అయిపోయినాయి.
"వాళ్ళ నంబర్లు అయిపోతే నా తప్పా" అని
మేడంకు చెప్పుకుంటా పోయింది, మొగం యాడ్చినట్టు పెట్టి.

కానీ ఆ రాత్రి.
గంట మోగలేదు. పేరు పెట్టి ఎవరూ పిలవలేదు.
పసిపిల్లోడు పాలకు లేవలేదు,
లేచినా నాకు వినపళ్ళేదు.
ఆరేండ్లలో నేను కూసోని
తెల్లారబెట్టిన రాత్రి అదొకటే.
కుసుమ చేప పొట్లం విప్పినాది, కారం అదిరింది.
టిగిస్ట్ ఫ్లాస్కులో కాఫీ తెచ్చినాది.
డ్రైవర్లంతా కార్లలో గురక.
గోడ పక్కకు జరిగి నా చున్నీ తీసి
ఆ పిల్ల నా తలలో ఎనిమిది జడలు అల్లినాది,
సన్నవి, చీమల బారు మాదిరి.
మాకు కలిసిన మాటలు అరబ్బీలో ఇరవై ఉంటాయేమో,
వాటితోనే తెల్లారేదాకా నవ్వినాం.

పదికి తలుపు తీసినారు.
చేతికి తెల్ల తొడుగులేసుకున్న పిల్ల
పసిబిడ్డను అందించినట్టు పెట్టె అందించింది.
నలభై ఒకటి.
మామా దాన్ని ఒక పెండ్లికి కట్టుకొని పోయినాది.
అక్కడ ఎవరికో పన్నెండంట.
వచ్చి దాన్ని బీరువాలో పారేసి
రెండు రోజులు నాతో మాట్లాడలేదు,
ముందర ఎందుకు నిలబడలేదని.
ఆ రెండు రోజులూ నా చున్నీ కింద ఎనిమిది జడలు.
ఎవరికీ తెలియదు.

నిన్న మామా ఫోను చూసి లబలబలాడింది.
వచ్చే నెల దానిమ్మ గింజ రంగుది వస్తాదంట,
ఈసారి యాభై మాత్రమే నేస్తారంట.
ఒక రోజు ముందర నుంచే వరస కట్టాలంట.

నేను గిన్నెలు కడుగుతా అనుకున్నా:
యాభై ఎందుకు స్వామీ, పది చాలు.
ఒకటే నెయ్యండి,
మూడు రాత్రులు నిలబడతాం.

టిగిస్ట్‌కు మిస్డ్ కాల్ ఇచ్చినా.
ఆ పిల్ల తిరిగి చేస్తే ఒకటే మాట చెప్పాల:
దువ్వెన మర్చిపోవద్దు.